ఇంటి ధూళి – సంచి లేని మరచీపురు

ఎడారి అంచున కాపురముండేవారికి ధూళి ఒక ఋతుధర్మం. వేసవి ప్రవేశించగానే వాయవ్య దిశ నుండి ‘షమాల్’ గాలి వీస్తుంది. దక్షిణ ఇరాక్ మైదానాలలోని సన్నని మన్నును మోసుకొనివచ్చి కువైట్ మీద కుమ్మరిస్తుంది. ఆ ధూళిని ఇక్కడివారు ‘తోజ్’ అంటారు. 2022 మే నెలలో ఇటువంటి ధూళి తుఫానుల వల్ల కువైట్ అంతర్జాతీయ విమానాశ్రయంలో రాకపోకలను తాత్కాలికంగా నిలిపివేయవలసి వచ్చింది. విమానాలనే ఆపగల ధూళికి మన కిటికీ రెక్కలు ఒక లెక్కా? అర్దియాలోని మా వంటి ఇళ్ళలో తలుపులన్నీ బిగించి, ఏసీ వేసుకొని కూర్చున్నా, సాయంత్రానికి బల్ల మీద వేలితో ఓనమాలు దిద్దించవచ్చు.

కొన్నేళ్ళుగా మన తెలుగు కుటుంబాలలో నేల మీద తనంతట తాను తిరిగే రోబో వాక్యూమ్ క్లీనర్ల వాడకం పెరిగింది. వాటిలోనూ సంచి లేని రకం మీదనే అందరికీ మక్కువ. మాటిమాటికీ సంచులు కొననక్కరలేదన్నది మధ్యతరగతి గృహస్థుకు నచ్చే మాటే. నలుగురు కలిసినచోట వినవచ్చే ప్రశ్నలు సాధారణంగా రెండు: “పీల్చే శక్తి ఎన్ని పాస్కల్స్?” “ధర ఎన్ని దీనార్లు?” ఈ రెండింటికీ ముందు అడగవలసిన ప్రశ్న మరొకటి ఉన్నదని నా మనవి. నేల మీది నుండి లేచిన దుమ్ము చివరకు ఎక్కడికి పోతుంది? ఇంట్లో ఉబ్బసపు పిల్లవాడో, ఆయాసపడే పెద్దవారో ఉన్నప్పుడు ఈ ప్రశ్నకు సమాధానం తెలుసుకోవడం చాలా అవసరం.

దుమ్ము స్వభావం

కువైట్ ధూళిలో ప్రధానంగా ఉండేవి క్వార్ట్జ్, సున్నపురాతి జాతికి చెందిన కాల్సైట్, డోలమైట్, కొంత జిప్సం, బంకమన్ను ఖనిజాలు. వీటికి ఇంటిలో పుట్టే నూలు పోగులు, వెంట్రుకలు, చర్మపు పొలుసులు, వంటింటి జిడ్డు తోడవుతాయి. ఈ కణాల రసాయన స్వభావం కన్నా వాటి పరిమాణమే మన ఆరోగ్యానికి ముఖ్యం. మిల్లీమీటరులో వెయ్యోవంతును మైక్రాన్ అంటారు. తల వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు. 10 మైక్రాన్లకు మించిన కణాలను చాలామటుకు ముక్కు, గొంతు అడ్డుకుంటాయి. 2.5 మైక్రాన్లకు లోబడినవి ఊపిరితిత్తుల లోపలి గాలితిత్తుల వరకు చేరగలవు.

ఇక్కడ ఒక చిన్న లెక్క. స్టోక్స్ సూత్రం ప్రకారం నిశ్చలమైన గాలిలో మీటరున్నర ఎత్తు నుండి 10 మైక్రాన్ల క్వార్ట్జ్ కణం నేలకు దిగడానికి సుమారు మూడు నిమిషాలు పడుతుంది. 2.5 మైక్రాన్ల కణానికి సుమారు యాభై నిమిషాలు, 1 మైక్రాన్ కణానికి దాదాపు అయిదు గంటలు కావాలి. గదిలో ఫ్యాను తిరుగుతుంటే ఇంకా ఎక్కువ. అనగా, కంటికి కనిపించే దుమ్ము వెంటనే అణగిపోతుంది. కనిపించనిది మాత్రం మనం భోజనం చేసి, కునుకు తీసి లేచేదాకా గాలిలోనే ఉంటుంది.

మన పూర్వులకు స్టోక్స్ సూత్రం తెలియకపోయినా దాని ఫలితం తెలుసు. వాకిలి ఊడ్చి కల్లాపి చల్లడం అందుకు నిదర్శనం. రేణువుల మధ్య చేరిన పలుచని నీటిపొర తలతన్యత వల్ల వాటిని ఒకదానికొకటి పట్టి ఉంచుతుంది. దుమ్ము లేవదు. గదిలో కల్లాపి చల్లలేము గనుక తడిగుడ్డ పెట్టారు. పొడి చీపురు, అది మన్యం నుండి వచ్చిన మంచి కొండచీపురైనా సరే, పెద్ద చెత్తను ప్రోగు చేస్తుంది గాని సన్నని ధూళిని గాలిలోనికి లేపుతుంది.

బూత్ చేతిరుమాలు

1901లో లండన్‌లో హ్యూబర్ట్ సెసిల్ బూత్ అనే ఇంజినీరు ఒక యంత్ర ప్రదర్శన చూశాడు. ఆ యంత్రం గాలిని ఊది దుమ్ము లేపేది. ఊదడానికి బదులు పీలిస్తే ఎట్లా ఉంటుందని ఆయనకు తోచింది. ఒక హోటలులో మెత్తని కుర్చీ వీపు మీద తన చేతిరుమాలు పరచి, దాని మీద నోరానించి గట్టిగా పీల్చాడు. ఉక్కిరిబిక్కిరి అయ్యాడు గాని, రుమాలు అడుగున దుమ్ము చార ఏర్పడింది. వాక్యూమ్ క్లీనర్ పుట్టుకకు కారణమైన ఈ ప్రయోగంలో గమనింపదగిన విషయం ఒకటుంది. పీల్చడం ఎవరికైనా సాధ్యమే. దుమ్మును పట్టి ఉంచినది ఆ రుమాలు.

తరువాత ఆ రుమాలు స్థానంలో గుడ్డ సంచులు, కాగితపు సంచులు వచ్చాయి. సంచి రంధ్రాలు పూడుకుపోయి పీల్చే శక్తి తగ్గడం చూసి విసిగిన బ్రిటిష్ రూపకర్త జేమ్స్ డైసన్, కోతమిల్లులలో రంపపుపొట్టును వేరుచేసే సైక్లోన్ పద్ధతిని ఇంటి యంత్రంలోనికి తెచ్చాడు. 5,127 నమూనాల తరువాత అది కుదిరిందని ఆయన చెప్పుకున్నాడు. ఇక రోబో విషయానికి వస్తే, స్వీడన్‌కు చెందిన ఎలక్ట్రోలక్స్ వారి ట్రైలోబైట్ 2001లోను, అమెరికాలో ఐరోబోట్ వారి రూంబా 2002లోను విపణిలోనికి వచ్చాయి.

‘సంచి లేదు’ అంటే ఏమిటి?

సైక్లోన్‌లో గాలి సుడులు తిరుగుతుంది. ఉదాహరణకు, రెండు సెంటీమీటర్ల వ్యాసార్ధం గల గొట్టంలో గాలి సెకనుకు 20 మీటర్ల వేగంతో తిరిగితే, అందులోని రేణువు మీద పనిచేసే అపకేంద్ర బలం దాని బరువుకు సుమారు రెండువేల రెట్లు. పెరుగును చిలికితే వెన్న వేరుపడినట్లు, దుమ్ము గాలి నుండి వేరై గోడకు తగిలి క్రిందకు జారుతుంది. అయితే కణం చిన్నదవుతున్న కొద్దీ ఈ పద్ధతి చేతులెత్తేస్తుంది. మిక్కిలి సన్నని ధూళి గాలితోనే బయటకు పోతుంది. దానిని ఆపవలసినది చివరనున్న ఫిల్టరు మాత్రమే.

చాలామంది గమనించని విషయం మరొకటి ఉన్నది. ‘సంచి లేని రోబో’ అనగానే అందులో సైక్లోన్ ఉంటుందని భ్రమపడరాదు. 2014లో డైసన్ వారు ప్రకటించిన 360 ఐ వంటి కొన్నింటిలో తప్ప, అధిక భాగం రోబోలలో ఉండేది ఒక చిన్న ప్లాస్టిక్ డబ్బా, దాని వెనుక ఒక ఫిల్టరు. అంతే. డబ్బా పట్టేది సాధారణంగా అర లీటరుకు అటూ ఇటూ. తోజ్ వచ్చిన వారంలో దానిని ప్రతిదినం ఖాళీ చేయవలసిందే.

2018 తరువాత, పని ముగించి గూటికి చేరిన రోబో నుండి దుమ్మును తనంతట తానే లాగుకొనే పీఠాలు ప్రాచుర్యంలోనికి వచ్చాయి. వీటిలో సంచి గలవి, లేనివి రెండూ ఉన్నాయి. సంచి లేని పీఠానికి ఖర్చు తక్కువ. అయితే వారాల తరబడి ప్రోగైన ధూళిని ఒక్కసారి గుమ్మరించవలసి వస్తుంది. సంచి గల పీఠంలో ధూళి మూతపడిన సంచిలోనే చెత్తబుట్టకు చేరుతుంది. ఉబ్బస రోగులున్న ఇంటికి సంచి వెల వృథా ఖర్చు కాదు.

పాస్కల్స్ మాయ

పెట్టెల మీద 5,000 పాస్కల్స్, 10,000 పాస్కల్స్ అని పెద్ద అక్షరాలతో అచ్చువేస్తారు. సముద్రమట్టాన వాతావరణ పీడనం సుమారు 1,01,325 పాస్కల్స్. 5,000 పాస్కల్స్ అంటే నీటిని అరమీటరు ఎత్తుకు లాగగల పీల్పు. కొబ్బరిబొండంలో గొట్టం వేసి త్రాగే మనిషికి అది అసాధ్యమేమీ కాదు. పైగా ఈ అంకె సాధారణంగా గాలి ప్రవాహం లేకుండా, మూతి మూసి కొలిచినది. దుమ్మును మోసేది ప్రవహించే గాలి. ఫిల్టరు పూడుకుపోయిన యంత్రంలో పాస్కల్స్ అట్లే ఉండవచ్చు, ప్రవాహం మాత్రం సన్నగిలుతుంది.

శక్తి లెక్క కూడా చూడండి. 14.4 వోల్టుల, 5.2 ఆంపియర్-గంటల బ్యాటరీలో ఉండేది సుమారు 75 వాట్-గంటలు. రెండు గంటలు నడిస్తే సగటున 37 వాట్లు. తీగతో నడిచే పెద్ద యంత్రం వందల వాట్లు వాడుకుంటుంది. కనుక రోబో బలం పీల్పులో లేదు, నిత్యాభ్యాసంలో ఉంది. ప్రతిదినం కొద్దికొద్దిగా తీయడమే దాని పని. మందపాటి తివాచీలకు పెద్ద యంత్రం తప్పదు.

అసలు పరీక్ష ఫిల్టరుకే

‘హెపా’ అనే పేరున్న ప్రతి ఫిల్టరూ ఒకటి కాదు. ఐరోపా ప్రమాణంలో హెచ్13 తరగతి ఫిల్టరు, పట్టడానికి మిక్కిలి కష్టమైన పరిమాణంలోని కణాలను సైతం 99.95 శాతం ఆపవలసి ఉంటుంది. ఆ కష్టమైన పరిమాణం సాధారణంగా 0.3 మైక్రాన్లకు దగ్గరగా ఉంటుంది. అంతకన్న పెద్దవి వేగంతో వచ్చి పోగులకు తగులుకుంటాయి. చిన్నవి బ్రౌనియన్ చలనం వల్ల అటూ ఇటూ తూలి చిక్కుకుంటాయి. తరగతి చెప్పకుండా ‘హెపా వంటిది’ అని మాత్రమే వ్రాసిన పెట్టెను అనుమానించడం మంచిది. ఫిల్టరు చుట్టూ రబ్బరు అంచు బిగువుగా ఉన్నదో లేదో దుకాణంలోనే విప్పి చూడండి. అంచు వదులైతే గాలి ఫిల్టరును తప్పించుకొని ప్రక్కదారిన పోతుంది.

ఒక రసాయన శాస్త్రజ్ఞుని హెచ్చరిక. అనేక ఫిల్టర్లలోని పాలిప్రొపిలీన్ పోగులకు స్థిరవిద్యుదావేశం ఇచ్చి ఉంటారు. సన్నని కణాలను ఆకర్షించేది ఆ ఆవేశమే. సబ్బునీటితోను, ఆల్కహాలుతోను కడిగితే అది నశిస్తుంది. పైకి తెల్లగా మెరిసినా పట్టు పోతుంది. కడగవచ్చునని తయారీదారు చెప్పిన ఫిల్టరునే, అదీ మంచినీటితోనే కడిగి, పూర్తిగా ఆరిన తరువాతనే బిగించాలి. తడిసిన ఫిల్టరు మీద మన ఎడారి బంకమన్ను అట్టకడుతుంది. కొనేముందు ఆ ఫిల్టరు కువైట్‌లో విడిగా దొరుకుతుందా అని విచారించడం మరువరాదు.

తడిగుడ్డ కూడా పెట్టే రోబోలకు ఇదే నియమం. ముందు పొడిగా తీయించి, తరువాత తడి పెట్టించాలి. లేకుంటే కాల్సైట్ పొడి నేలంతా తెల్లని చారలుగా అలుముకుంటుంది. ఆ చారలు పోవాలని నీటిలో వెనిగర్ కలుపుతారు కొందరు. పాలరాయి కూడా కాల్సైటే గనుక ఆమ్లం నేల మెరుపునే తినివేస్తుంది.

మన ఇళ్ళకు నప్పుతుందా?

ఇక్కడి ఫ్లాట్లలో నేల సమతలంగా ఉంటుంది. స్వదేశంలోని తల్లిదండ్రులకు కొనిపెట్టదలచినవారు మాత్రం గడపలను గుర్తుంచుకోవాలి. సాధారణ రోబో రెండు సెంటీమీటర్లకు మించి ఎక్కలేదు. పసుపు కుంకుమలద్దిన గడప దానికి దాటరాని కోటగోడ. కడప నల్లరాయి పరచిన ఇళ్ళలో ఇంకొక చిక్కు. మెట్ల అంచును కనిపెట్టడానికి యంత్రం అడుగున పరారుణ కిరణాలు పంపే సెన్సర్లుంటాయి. నల్లని నేల ఆ కిరణాలను మ్రింగివేస్తే, ముందు అగాధమున్నదని తలచి రోబో వెనుదిరుగుతుంది. మెట్లు లేని ఇంట్లో నడవని యంత్రం, మెట్లున్న ఇంట్లో పడని యంత్రం ఏదో నల్లరాతి మీద పరీక్షించి తెలుసుకోవాలి.

పొడుగాటి జడలున్న ఇంటికి కుచ్చు బ్రష్షు కన్నా రబ్బరు చుట్ట మేలు. ముగ్గుపిండి మిక్కిలి సన్నని సున్నపురాతి పొడి గనుక ఫిల్టరును తొందరగా పూడుస్తుంది. దేవుని ముందు నేల మీద దీపం వెలుగుతుండగా యంత్రాన్ని వదలరాదు. కెమెరాతో దారి చూసుకొనేవాటికన్నా లేజరుతో కొలుచుకొనేవి ఇంటి మర్యాదకు అనుకూలం. పరీక్షల్లో ఉన్న కొన్ని రోబోలు తీసిన ఇంటిలోపలి చిత్రాలు బయటకు పొక్కినట్లు 2022 డిసెంబరులో వార్తలు వచ్చాయి. విమానంలో తీసుకొనిపోయేవారు బ్యాటరీ 100 వాట్-గంటలకు లోబడినదని సరిచూసుకోవాలి. విడి బ్యాటరీలు చేతిసామానులోనే ఉండాలి.

ఖాళీ చేసే చేతులు

యంత్రం ఎంత మంచిదైనా, పట్టిన దుమ్ము మళ్ళీ ఇంట్లోకి వచ్చే ఘడియ ఒకటుంది. అది డబ్బా ఖాళీ చేసే ఘడియ. వంటింటి చెత్తబుట్ట మీద డబ్బాను తట్టినప్పుడు లేచే పొగ వంటి మేఘంలో మిక్కిలి సన్నని భాగం, పైన చెప్పిన లెక్క ప్రకారం, గంటల తరబడి ఇంట్లో సంచరిస్తుంది. రోబో ఒక్కొక్క రేణువూ ఏరి తెచ్చిన పుణ్యం అరక్షణంలో పోతుంది.

కనుక డబ్బాను బాల్కనీలోనో, ఇంటి వెలుపలనో ఖాళీ చేయాలి. దానిని ప్లాస్టిక్ సంచి లోపలికంటా దించి, మూతి చేతితో బిగించి, మెల్లగా వంచాలి. దుమ్ము అణిగేదాకా కొన్ని నిమిషాలాగి డబ్బాను తీసి, సంచికి ముడి వేయాలి. ముక్కుకు మంచి మాస్కు కట్టుకోవాలి. ఫిల్టరును దులిపేటప్పుడు కూడా ఇంతే. పిల్లలు అప్పుడు దగ్గర ఉండరాదు.

ఈ పని ఎవరు చేస్తున్నారన్నది కూడా ఆలోచింపదగినది. కడప, రాయచోటి ప్రాంతాల నుండి, గోదావరి జిల్లాల నుండి వచ్చి ఇక్కడి ఇళ్ళలో చాకిరీ చేస్తున్న మన ఆడపడుచులు వేలమంది. యజమాని ఇంట రోబో తిరుగుతున్నా, దాని డబ్బా దులిపేది వారే. ఒక్క ఇంటి దుమ్ము మనకు బాధ అయితే, ఏళ్ళ తరబడి ఆ దుమ్ములోనే పనిచేసే వారి ఊపిరి సంగతేమిటి? మన ఇళ్ళలో పనిచేసేవారికి మాస్కు ఇచ్చి, సంచిలో వంచే పద్ధతి నేర్పడానికి అయ్యే ఖర్చు కొద్ది ఫిల్సులు మాత్రమే. ఇతర ఇళ్ళలో పనిచేసే మనవారికి ఈ మాట చేరవేయడం మన సంఘ సభ్యులందరికీ సాధ్యమైన పని.

దుకాణానికి వెళ్ళినప్పుడు పాస్కల్స్ తరువాత చూడవచ్చు. ముందుగా డబ్బాను విప్పించి, ఫిల్టరు తరగతి అడిగి, దుమ్మును మేఘం లేవకుండా ఎట్లా పారబోయవచ్చునో చేసి చూపమనండి. అది చూపగలిగిన యంత్రాన్ని ఇంటికి తెచ్చుకోండి.