పట్టని కేసెట్టు

1993 వేసవిలో మా చిన్నమామయ్య అమెరికానుంచి వస్తూ నాకొక వీడియో గేము కేసెట్టు తెచ్చాడు. అప్పుడు నాకు పదకొండేళ్లు. ఆ సంక్రాంతికి విజయవాడలో కొన్న ఆటపెట్టె మా యింట్లో వుండేది. సాయంత్రమయ్యేసరికి వీధిలో పిల్లలంతా మా గుమ్మంలోనే. మామయ్య తెచ్చిన కేసెట్టు బూడిదరంగుది. మా పసుప్పచ్చ కేసెట్లకన్న చాలా పొడుగు. ఎటు తిప్పి పెట్టినా గాడిలో పట్టలేదు. పదిమందిలో నా పరువు పోయింది.

“నీకెవడో నకిలీ సరుకు అంటగట్టాడు మామయ్యా!” అనేశాను. మామయ్య మొహం చిన్నబోయింది. మారు మాట్లాడలేదు.

ఆ రెంటిలో నకిలీ ఏదో నాకు తెలియడానికి యిరవై ఏళ్లు పట్టింది.

సంగతి ఏమిటంటే, 1983 జూలై 15న జపానులో నింటెండో కంపెనీ ‘ఫ్యామిలీ కంప్యూటర్’ అనే యంత్రాన్ని విడుదల చేసింది. అక్కడివాళ్లు పొట్టిగా ‘ఫామికామ్’ అన్నారు. ఎరుపూ తెలుపూ కలిసిన బొమ్మలాంటి పెట్టె. కేసెట్టును పైనుంచి గుచ్చాలి. దాని అంచున 60 లోహపు రేకులుంటాయి.

సరిగ్గా ఆ ఏడే అమెరికాలో వీడియో గేముల వ్యాపారం కుప్పకూలింది. నాసిరకం ఆటలు గుట్టలుగా పడివుండడంతో దుకాణదార్లకు ఆ పేరెత్తితేనే కంపరం. కనుక 1985లో న్యూయార్కులో అడుగుపెట్టేటప్పుడు నింటెండో వేషం మార్చింది. పేరు ‘ఎంటర్‌టైన్‌మెంట్ సిస్టమ్’. రంగు బూడిద. వీడియో ప్లేయరులో లాగ మూత తెరిచి కేసెట్టును ముందునుంచి తోయాలి. యిది ఆటబొమ్మే సుమా అని నమ్మించడానికి పక్కన ఒక మరమనిషిని గూడా పెట్టి అమ్మారు! కేసెట్టుకు 72 రేకులు. వాటిలో కొన్ని తాళానికి. యంత్రంలో ఒక చిప్పు, కేసెట్టులో దాని జోడు. రెండూ ఎడతెగకుండా పలకరించుకుంటూ వుంటేనే ఆట సాగుతుంది. కంపెనీ అనుమతి లేని ఆటలు రాకుండా యిదొక కాపలా.

మెదడు మాత్రం రెండు యంత్రాలకూ దాదాపు ఒకటే. తొలినాటి అమెరికా కేసెట్లు కొన్ని విప్పిచూస్తే లోపల జపాను పలకే వుండేది, ఒక అతుకుముక్క తగిలించి!

తెలుగు పాఠం చెప్పుకునేవాణ్ణి గనుక నాకు మాటల సంగతి మరీ ఆసక్తి. జపాను యంత్రానికి రెండో ఆటగాడి రిమోటులో చిన్న మైకు వుండేది. 1986లో వచ్చిన ‘లెజెండ్ ఆఫ్ జెల్డా’ ఆటలో ఒక పెద్దచెవుల భూతముంది. మైకులో అరిస్తే చస్తుంది. అమెరికా యంత్రానికి మైకు లేదు. అయినా ఆ భూతానికి పెద్ద శబ్దం గిట్టదన్న మాట అమెరికా పుస్తకంలో అలాగే వుండిపోయింది. పాపం, అక్కడి పిల్లలు ఆటలోని పిల్లనగ్రోవి ఎంత వూదినా భూతం చలించదు. మూలంలో వున్న వస్తువు పోయి మాట ఒక్కటే మిగిలితే అనువాదం గతి అంతే.

ఒక్కోసారి ఆటకు ఆటే మారిపోయేది. జపానులో 1986లో వచ్చిన రెండో మారియో ఆట అమెరికన్లకు మరీ కష్టమని ఆపేసి, ‘డోకి డోకి పానిక్’ అనే వేరే ఆటకు మొహాలు మార్చి, 1988లో దాన్నే రెండో మారియోగా అక్కడ అమ్మారు. అది 1992లో ‘సూపర్ మారియో యు.ఎస్.ఎ.’ అన్న పేరుతో పుట్టింటికి చుట్టంచూపుగా తిరిగివచ్చింది.

ఐరోపా పిల్లల బాధ వేరు. అక్కడి టెలివిజను సెకనుకు 50 బొమ్మల లెక్క. జపాను, అమెరికాలలో 60. వేగానికే పేరుపడ్డ సేగావారి ‘సానిక్’ కూడా 1991లో అక్కడ నెమ్మదిగానే పరుగెత్తింది, పాటకూడా సాగింది.

మరి మన బజార్లలో దొరికిన చవక పెట్టెలో? అవి జపాను ఫామికామ్‌కు నకళ్లు. అందుకే 60 రేకుల గాడి. అంటే నకిలీ నా పెట్టె. మామయ్యది అసలు సరుకు!

ఈనాడు తాళాలు చాలావరకు సడలాయి. 2017లో వచ్చిన నింటెండో స్విచ్‌లో దాదాపు ఏ దేశపు కేసెట్టు పెట్టినా ఆడుతుంది. అయినా వరస పూర్తిగా పోలేదు. ప్లేస్టేషన్ 5 జపాను, అమెరికాలకు 2020 నవంబరు 12న అందితే, మనకు 2021 ఫిబ్రవరి 2న అందింది.

మొన్న దసరా సెలవుల్లో పాత పెట్టె బాగుచేయించి, 72ను 60కి కలిపే అతుకుముక్క సంపాదించాను. జపాను పద్ధతి పెట్టెలో తాళం వుండదు గనుక ఆట వెంటనే మొదలైంది. చూడడానికి మామయ్య లేడు, పోయి ఆరేళ్లయింది. అత్తయ్యకు ఫోను చేసి చెప్పాను.

అత్తయ్య కాసేపు పలకలేదు. తరవాత, “పిల్లాడికి పదిమందిలో నావల్ల తలవంపులయిందని మీ మామయ్య ఎన్నిసార్లు అనుకునేవారో!” అంది.