తెలీబంధాలో రోడ్లు ఊడిస్తే సిల్తరా పొగ ఆగుతుందా?

తెలీబంధా చెరువు గట్టును రాయపూర్ జనం మెరైన్ డ్రైవ్ అంటారు. గ్రేట్ ఈస్టర్న్ రోడ్డును ఆనుకుని ఉన్న ఈ చెరువు చుట్టూ నడకదారి వేశారు, దీపాలు పెట్టారు, 82 మీటర్ల జెండా స్తంభం నిలబెట్టారు. సాయంత్రమైతే జనం పిల్లాపాపలతో కాస్త గాలి పీల్చుకోవడానికి ఇక్కడికే వస్తారు. ఆ గాలి సంగతి మాత్రం వేరు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2014లో విడుదల చేసిన నగరాల పట్టికలో ఢిల్లీ, పట్నా, గ్వాలియర్ తర్వాత నాలుగో పేరు రాయపూర్‌దే. ఊపిరితిత్తుల లోతుల దాకా వెళ్ళే సన్నటి పీఎం 2.5 ధూళి ఇక్కడ ఘనపు మీటరుకు ఏడాది సగటున 134 మైక్రోగ్రాములని ఆ పట్టిక చెప్పింది. మన దేశం పెట్టుకున్న హద్దు 40. అప్పటి నుంచి పథకాలు వచ్చాయి, నిధులూ వచ్చాయి. ఆ నిధులు నగరపాలిక సరిహద్దు దగ్గర ఆగిపోతున్నాయి, పొగ ఆగడం లేదు. గాలి కోసం ఇచ్చే డబ్బును నగరం పేరున కాకుండా ప్రాంతం పేరున ఇవ్వాలన్నది నా వాదన.

ముందు డబ్బు దారి చూద్దాం. 2019 జనవరిలో కేంద్రం జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమం ప్రారంభించింది. అందులోని 131 నగరాల్లో ఛత్తీస్‌గఢ్ నుంచి రాయపూర్, భిలాయి, కోర్బా ఉన్నాయి. పది లక్షలు దాటిన నగరాల గాలి కోసం 15వ ఆర్థిక సంఘం 2021-26 కాలానికి 12,139 కోట్ల రూపాయలు కేటాయించింది. ఊరికే కాదు, ఫలితం చూపిస్తేనే. ఆ ఫలితాన్ని ప్రధానంగా పీఎం 10 తగ్గుదలతో కొలిచారు. పీఎం 10లో రోడ్డు మీద లేచే ముతక దుమ్ము కూడా కలుస్తుంది. దుమ్ము తగ్గితే అంకె తగ్గుతుంది, అంకె తగ్గితే డబ్బు వస్తుంది. అలాంటప్పుడు ఏ కమిషనరైనా ముందు ఊడ్చే యంత్రాలు, నీళ్ళు చల్లే ట్యాంకర్లే కొంటాడు. సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ 2024లో లెక్క తీస్తే, ఈ కార్యక్రమం కింద దేశమంతటా ఖర్చయిన సొమ్ములో 64 శాతం రోడ్డు దుమ్ముకే పోయింది. పరిశ్రమల కాలుష్యం మీద పెట్టింది 0.61 శాతం. వంద రూపాయల్లో రూపాయి కూడా కాదు.

రాయపూర్ విషయంలో ఈ అంకె మరీ బాధ కలిగిస్తుంది. నగరానికి ఉత్తరాన ఉన్న ఉరలా, సిల్తరా పారిశ్రామిక వాడల్లో స్పాంజ్ ఐరన్ కర్మాగారాలు వరసగా ఉన్నాయి. పొడవాటి గొట్టంలాంటి కిల్న్ మెల్లగా తిరుగుతుంటే అందులో ఇనుప ఖనిజం, బొగ్గు కలిసి కాలతాయి. వెలువడే వాయువులోని ధూళిని విద్యుత్ పలకలకు అంటుకునేలా చేసి పట్టే యంత్రం ఈఎస్‌పీ. అది పనిచేయాలంటే కరెంటు కావాలి, కరెంటుకు ఖర్చవుతుంది. ఖర్చు మిగుల్చుకోవడానికి రాత్రిపూట దాన్ని ఆపేస్తారన్నది స్పాంజ్ ఐరన్ పరిశ్రమ మీద ఏళ్ళుగా వినిపిస్తున్న ఫిర్యాదు. ఆ చుట్టుపక్కల బస్తీల్లో మేడ మీద ఆరేసిన బట్టలపై, వడియాలపై నల్లటి పొడి పేరుకుంటుంది. చలికాలంలో గాలి ఉత్తర, ఈశాన్య దిక్కుల నుంచి వీచినప్పుడు ఆ పొగ నగరం మీదికే వస్తుంది. అదే బొగ్గు భూమినీ వేడెక్కిస్తోంది. టన్ను ఉక్కుకు ప్రపంచ సగటున 1.9 టన్నుల కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుంటే, మన దేశంలో అది దాదాపు 2.5 టన్నులు. బొగ్గుతో చేసే స్పాంజ్ ఐరన్ అందుకు ఒక పెద్ద కారణం. గాలి ప్రణాళికనూ వాతావరణ ప్రణాళికనూ విడదీయడం ఇక్కడ కుదరదు.

ఉరలా ఉన్నది బీర్‌గావ్ నగరపాలిక పరిధిలో. సిల్తరా ధర్సీవా బ్లాకులో ఉంది. చిమ్నీలను తనిఖీ చేసే అధికారం రాష్ట్ర పర్యావరణ పరిరక్షణ మండలిది. గాలి బాగుచేయమని డబ్బు అందుకునేది మాత్రం రాయపూర్ నగరపాలిక. జవాబుదారీ ఒకరిది, అధికారం మరొకరిది. ఇది రాయపూర్ ఒక్కదాని తంటా కాదు. విశాఖ ఇళ్ళ మీద పడే బొగ్గు దుమ్ముకు పోర్టు కారణమని ఊరంతా అంటుంది. పోర్టు కేంద్రం చేతిలో ఉంది, స్వచ్ఛ వాయు నిధులకు లెక్క చెప్పాల్సింది నగరపాలిక.

దుమ్ము ఊడవడం కూడా అవసరమే కదా అనవచ్చు. అవసరమే. బండ్ల వెంట లేచే దుమ్ము చెరువు గట్టున నడిచేవాళ్ళ ముక్కుల్లోకీ పోతుంది. కాని ఊడ్చిన దుమ్ము మర్నాటికి మళ్ళీ చేరుతుంది, చిమ్నీ దగ్గర పట్టిన ధూళి ఊళ్ళోకే రాదు. ఇంకా బలమైన అభ్యంతరం ఉంది: ఢిల్లీ చుట్టుపక్కల రాష్ట్రాలన్నిటికీ కలిపి 2020లో వాయు నాణ్యత కమిషన్ పెట్టారు, 2021లో దానికి చట్టమూ చేశారు, అయినా ఢిల్లీ చలికాలాలు మారలేదు కదా అని. నిజమే. ఆ కమిషన్‌కు ఆదేశాలిచ్చే అధికారముంది, నగరాలకు వెళ్ళే నిధుల తాళం దాని చేతిలో లేదు. అధికారమూ డబ్బూ ఒకే చోట ఉంటేనే ప్రాంతీయ సంస్థ మాట చెల్లుతుంది. ఇక ఉద్యోగాలు పోతాయన్న భయం తేలిగ్గా తీసిపారేయదగ్గది కాదు. ఒడిశా నుంచి, బీహార్ నుంచి, మన ఉత్తరాంధ్ర నుంచి బతుకుతెరువు వెతుక్కుంటూ వచ్చినవాళ్ళున్న నేల ఇది. అందుకే చిన్న కర్మాగారం ఈఎస్‌పీ మార్చుకోవడానికీ, వృథాగా పోయే వేడితో కరెంటు తీసుకోవడానికీ గ్రాంటులో వాటా ఉండాలంటున్నాను. పనివాడి కూడు పోగొట్టి తెచ్చే శుభ్రత ఎవరికీ అక్కర్లేదు.

హద్దులు ప్రకృతిని బట్టి గీయడం ఈ రాష్ట్రానికి కొత్తేమీ కాదు. 2015లో కేంద్రం మొదలుపెట్టిన జాతీయ వాతావరణ అనుకూలన నిధి కింద ఛత్తీస్‌గఢ్‌కు మంజూరైన ప్రాజెక్టు మహానది పరీవాహకంలోని చిత్తడి నేలల గురించి. నీళ్ళు పారే తీరు చూసి పథకం గీశారు. నీటికి పనికొచ్చిన పద్ధతి గాలికి ఎందుకు పనికిరాదు? 2025 జులైలో ఛత్తీస్‌గఢ్ శాసనసభ రాయపూర్, నవా రాయపూర్, దుర్గ్, భిలాయిలను కలిపి రాజధాని ప్రాంత అభివృద్ధి ప్రాధికార సంస్థ ఏర్పాటుకు బిల్లు ఆమోదించింది. రోడ్లు, భూముల ప్రణాళికతో పాటు గాలి గ్రాంటు కూడా ఆ సంస్థ ఖాతాకే రావాలి. విడుదలకు షరతు పీఎం 2.5 కావాలి. ప్రతి కిల్న్ ఈఎస్‌పీకీ విడిగా కరెంటు మీటరు పెట్టి, రాత్రి పది నుంచి తెల్లారేదాకా అది ఎన్ని యూనిట్లు తాగిందో మర్నాడే జనానికి తెలియజేయాలి. యూనిట్లు పడిపోయిన కర్మాగారానికి ఆ విడత సాయం ఆపాలి, రాయపూర్ వాటా మాత్రం ఆపకూడదు.