కోతి రక్కితే ముందు పరీక్ష కాదు, సబ్బు!

డాబా మీద గుమ్మడి వడియాలు పెడితే కోతులకు పండగే. మా గుండుగొలనులో ఇది మామూలే. ఒక వేసవిలో మా అత్తయ్యగారు కర్రతో అదిలించబోతే, పిల్లను మోస్తున్న తల్లికోతి ఎగిరి ఆవిడ ముంజేతిని రక్కేసింది. రక్తం కారుతుంటే గబగబా పసుపు అద్దేసి, "ఏం కాదులేవే, ఆంజనేయస్వామే కదా" అన్నారావిడ.

నాకు మాత్రం దడ తగ్గలేదు. హైదరాబాదులో ఉన్న మా ఆడపడుచు కొడుక్కి ఫోన్ చేశాను. "అత్తా, కోతుల నుంచి మనుషులకి వచ్చే వైరస్‌లున్నాయి. అమ్మమ్మకి యాంటీబాడీ పరీక్ష చేయించు. ఏమీ లేదని వస్తే నిశ్చింతగా ఉండొచ్చు" అన్నాడు.

మర్నాడు రక్తం ఇవ్వడానికి ఏలూరు బయల్దేరుతూ, ఎందుకైనా మంచిదని ముందు ప్రభుత్వాసుపత్రి డాక్టరమ్మగారి దగ్గరికి వెళ్ళాం.

"గాయం సబ్బుతో కడిగారా?" అదీ ఆవిడ మొదటి ప్రశ్న! మేం మొహమొహాలు చూసుకున్నాం.

పసుపంతా కడిగించి, రేబిస్ టీకా వేయించాక అప్పుడు చెప్పారు. "యాంటీబాడీ అంటే వైరస్ వచ్చిందని మన ఒళ్ళు తయారుచేసుకునే గుర్తు. ఇవాళ రక్కితే రేపటికి కనబడదమ్మా, వారాలు పడుతుంది. ఆ కాగితం చూసుకుని ధైర్యంగా కూర్చుంటే ఈలోగా రేబిస్ వస్తే? లక్షణాలు మొదలయ్యాక మనిషి దక్కడం దాదాపు అసాధ్యం."

తరవాత నేనూ చదివి తెలుసుకున్నాను. మావాడు చెప్పింది పూర్తిగా తప్పేం కాదు. మన ఊళ్ళలో తిరిగే కోతులు మకాక్ జాతివి. ఆ జాతిలో 'బి వైరస్' ఉంటుంది. 1932లో అమెరికాలో ప్రయోగశాల కోతి కరిచి బ్రెబ్నర్ అనే యువ డాక్టరు చనిపోయాడు. వైరస్ పేరులోని 'బి' ఆయనదే. అప్పటినుంచి ప్రపంచమంతా కలిపి నమోదైన కేసులు 50 చిల్లర మాత్రమే. అయితే వాళ్ళలో 21 మంది చనిపోయారు. అరుదే, కానీ ప్రమాదకరం.

దీని పరీక్షకి కరిచిన కొత్తలో ఒకసారి, రెండు మూడు వారాలకి మరోసారి రక్తం తీసి పోల్చాలి. పైగా జ్వరమొస్తే పెదవి మీద పొక్కులు లేస్తాయి చూడండి, ఆ వైరస్ దీనికి దగ్గర చుట్టం. దాని యాంటీబాడీలు చూసి పరీక్ష పొరబడవచ్చు.

అలాగని ఈ పరీక్షలు దండగ కాదు సుమా! 1957లో కర్ణాటకలోని క్యాసనూరు అడవిలో కోతులు చచ్చిపడి, చుట్టుపక్కల మనుషులకు జ్వరాలొచ్చాయి. అది వచ్చేది కోతి కాటు వల్ల కాదు, పిడుదులు కుట్టడం వల్ల. జ్వరమొచ్చి కొన్నాళ్ళయ్యాక దాన్ని పోల్చుకోవడానికి యాంటీబాడీ పరీక్షే ఆసరా. ఏ ఊళ్ళో ఎందరికి సోకిందో తేల్చేదీ అదే.

కాబట్టి కోతి కరిచినా రక్కినా ఇవి మరవకండి. ధారగా పడే నీళ్ళలో సబ్బుతో 15 నిమిషాలు కడగాలి. పసుపు, కారం, సున్నం వద్దు. వెంటనే ఆసుపత్రికి వెళ్ళి, డాక్టరు చెప్పిన టీకాలన్నీ పూర్తిచేయాలి. నెలలోపు గాయం దగ్గర పొక్కులు, తిమ్మిరి, జ్వరం వస్తే కోతి సంగతి డాక్టరుకి తప్పక చెప్పాలి. బి వైరస్‌కి మందులున్నాయి, త్వరగా మొదలెట్టాలంతే.

మా అత్తయ్యగారు టీకాలన్నీ వేయించుకున్నారు. ఇప్పుడు వడియాలు వలకింద ఆరుతున్నాయి. ఇంట్లో ఎవరికి గీరుకున్నా, "ముందు సబ్బు తేవే!" అని కేకేసేది ఆవిడే.