నా జిరాక్సు నేనే అటెస్ట్ చేసుకుంటే?

హైదరాబాద్ అశోక్‌నగర్ నుంచి ఒక పాఠకుడు ఉత్తరం రాశాడు. గ్రూప్స్‌కి చదువుతున్నాడట. పగలంతా చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీ, రాత్రికి ముగ్గురు పడుకునే రూము. "టార్ బ్రౌజర్ దించుకుందామని దాని సైటుకి వెళ్లానండీ. డౌన్‌లోడ్ బటన్ కింద 'సిగ్నేచర్' అని చిన్న లింకు ఇంకోటి ఉంది. నొక్కితే వెయ్యి బైట్లు కూడా లేని ఫైలు వచ్చింది. తెరిస్తే తలాతోకా లేని అక్షరాలు. ఏమిటది? పారేయొచ్చా?"

పారేయకండి! వంద మెగాబైట్ల బ్రౌజర్ కన్నా నాకు ఆ బుల్లి ఫైలే ముద్దు. ఈ నెల పేజీలన్నీ దానికే రాసిచ్చేస్తున్నాను.

టార్ సంగతి మాత్రం గబగబా చెప్పేస్తాను. 1990లలో అమెరికా నౌకాదళ పరిశోధనాశాలలో పుట్టిన ఆలోచన ఇది. మీరు పంపే సమాచారాన్ని ఉల్లిపాయలా పొరలు పొరలుగా చుట్టి మూడు కంప్యూటర్ల మీదుగా పంపుతారు. మొదటి దానికి మీరెవరో తెలుసు, ఎక్కడికి వెళ్తున్నారో తెలియదు. చివరి దానికి ఎక్కడికో తెలుసు, ఎవరో తెలియదు. మధ్యదానికి రెండూ తెలియవు. 2006లో ఏర్పడిన టార్ ప్రాజెక్ట్ అనే లాభాపేక్ష లేని సంస్థ, ఫైర్‌ఫాక్స్‌ను మార్చి ఈ బ్రౌజర్‌ను తయారుచేసి ఉచితంగా ఇస్తోంది. అంతే.

ఇలాంటి సరుకుకు నకిలీ రాకుండా ఉంటుందా? 2019లో ఈసెట్ అనే కంప్యూటర్ భద్రతా సంస్థ పరిశోధకులు రష్యన్ భాషవారి కోసం పెట్టిన దొంగ టార్ సైట్లను బయటపెట్టారు. ఒకదాని చిరునామాలో 'ప్రాజెక్ట్' అన్న మాటలోంచి ఒకే ఒక్క ఇంగ్లిష్ అక్షరం ఎగిరిపోయింది. అశోక్‌నగర్‌లో పేరున్న కోచింగ్ సెంటర్ పక్క సందులోనే, పేరులో ఒక్క పొల్లు తేడాతో ఇంకో బోర్డు కనపడినట్టు! 2022లో కాస్పర్‌స్కీ అనే మరో భద్రతా సంస్థ ఇంకో ముఠా సంగతి చెప్పింది. చైనాలో టార్ సైటు తెరుచుకోదు కదా, అక్కడివారికోసం ఒక యూట్యూబ్ వీడియో కింద లింకు ఇచ్చారు. దించుకుంటే అచ్చం టార్ లాగే పనిచేస్తుంది. కాకపోతే మీరు చూసిన పేజీల చిట్టా దాచిపెడుతుంది, వెనక నుంచి గూఢచారి సాఫ్ట్‌వేర్‌ను తెప్పిస్తుంది. ఎవరికీ కనపడకూడదని వేసుకున్న ముసుగులోనే కెమెరా అన్నమాట.

అయితే చేతికొచ్చిన ఫైలు అసలుదో కాదో ఎలా తేల్చాలి? వంద మెగాబైట్లంటే పది కోట్ల బైట్లు. ఒక్కొక్కటీ పోల్చి చూడలేం. ఆ పది కోట్లనూ పిండి, ఎప్పుడూ ఒకే పొడవుండే చిన్న ముద్రగా మార్చే యంత్రం ఒకటుంది. దాని పేరు హ్యాష్. ఈ రోజుల్లో ఎక్కువగా వాడేది షా-256. ఇక్కడ కాస్త తీరిగ్గా కూర్చోండి, ఇది నాకు ప్రాణం.

వరసగా ఎనిమిది కుర్చీలు ఊహించుకోండి. ఒక్కో కుర్చీలో ఒక్కో పెద్ద సంఖ్య కూర్చుంది. ఫైలును 64 బైట్ల ముక్కలుగా కోస్తారు. ఒక్కో ముక్కకు 64 చుట్లు. చుట్టు చుట్టుకీ అందరూ ఒక కుర్చీ పక్కకు జరుగుతారు. చివరి కుర్చీవాడికి చోటుండదు కదా, వాడిని ఫైలులోని ఒక తునకతో, ఆ చుట్టుకని కేటాయించిన ఒక స్థిరసంఖ్యతో, ఇరుగుపొరుగు సంఖ్యలతో కలిపి రుబ్బుతారు. ఆ ముద్దలోంచి పుట్టిన కొత్త సంఖ్య మొదటి కుర్చీలో కూర్చుంటుంది. నాలుగులోంచి ఐదుకు జరిగేవాడికి కూడా ఆ ముద్ద కొంత పూస్తారు. ముక్కకు 64 బైట్లు, ముక్కకు 64 చుట్లు. అంటే ఫైలులో ఎన్ని బైట్లో దాదాపు అన్ని చుట్లు! మీ టార్ ఫైలుకు పది కోట్ల చుట్లు. సామాన్యమైన ల్యాప్‌టాప్ కూడా కాఫీ చల్లారేలోపు తిప్పేస్తుంది.

మొదట్లో కుర్చీల్లో కూర్చునే ఎనిమిది సంఖ్యలు ఎక్కడివి? మొదటి ఎనిమిది ప్రధాన సంఖ్యల వర్గమూలాల నుంచి తీసుకున్నవి. 2 వర్గమూలం 1.41421356... కదా, ఆ దశాంశ భాగాన్ని ద్విసంఖ్యామానంలో 32 స్థానాల దాకా రాస్తే 1,77,90,33,703 వస్తుంది. మొదటి కుర్చీ దానిదే. 64 చుట్ల స్థిరసంఖ్యలేమో మొదటి 64 ప్రధాన సంఖ్యల ఘనమూలాల నుంచి. ఎందుకీ తంటా? ఈ యంత్రాన్ని రూపొందించింది అమెరికా గూఢచారి సంస్థ ఎన్ఎస్ఏ. వాళ్లు తమకు తోచిన సంఖ్యలు పెడితే వాటిలో ఏ దొంగతాళం దాచారోనని లోకం అనుమానించదా? వర్గమూలాలైతే ఎవరి ఇంట్లోవాళ్లు లెక్కగట్టి చూసుకోవచ్చు. చొక్కా చేతులు పైకి మడిచి అరచేతులు రెండూ చూపించే గారడీవాడి మర్యాద ఇది.

చాలామంది దీన్ని దోసెల పిండితో పోల్చి ఊరుకుంటారు. రుబ్బాక పిండి మళ్లీ బియ్యం, మినప్పప్పు కాదు కాబట్టి హ్యాష్ వెనక్కి తిరగదంటారు. నేనూ ఒకప్పుడు ఇదే పత్రికలో అలా రాసి లెంపలేసుకున్నాను. ఏ తునక కలిపారో తెలిస్తే ఆ చుట్లన్నిటినీ నిక్షేపంగా వెనక్కి తిప్పొచ్చు! అసలు తాళం చివర్లో పడుతుంది. ఒక్కో ముక్కకు 64 చుట్లూ అయ్యాక, ఆ ముక్క మొదట్లో కుర్చీల్లో ఎవరున్నారో వాళ్లనే తెచ్చి చివర ఉన్నవాళ్లకు కలిపేస్తారు. వెనక్కి వెళ్లాలంటే మొదట్లో ఎవరున్నారో తెలియాలి, మొదట్లో ఎవరున్నారో తెలియాలంటే వెనక్కి వెళ్లాలి. పెళ్లి కుదిరితే గాని పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గాని పెళ్లి కాదు!

చివరికి మిగిలేది 64 అక్షరాల ముద్ర. ఖాళీ ఫైలుకు కూడా ఒకటుంటుంది, 'ఈ3బీ0సీ442' అంటూ మొదలవుతుంది. పది కోట్ల బైట్లలో ఒక్క బిట్టు అటూ ఇటూ అయితే ముద్రలోని 256 బిట్లలో దాదాపు సగం తిరగబడతాయి. సాధ్యమైన ముద్రలెన్ని? 78 అంకెల సంఖ్య. పోలిక చెబుదామన్నా నా దగ్గర అంత ఇసుక లేదు.

ఇప్పుడు తప్పులో కాలేసినవాళ్ల కథ. షా-256కు ముందు రాజ్యమేలిన హ్యాష్ ఎండీ5. 2004లో షియావోయున్ వాంగ్ అనే చైనా గణితవేత్త, తన బృందంతో కలిసి ఒకే ఎండీ5 ముద్ర వచ్చే రెండు వేరువేరు సమాచారాలను ఒక సభలో చూపించింది. సభ చప్పట్లు కొట్టింది, లోకం మాత్రం ఎండీ5 వాడుతూనే ఉంది. 2012లో ఫ్లేమ్ అనే గూఢచారి సాఫ్ట్‌వేర్ బయటపడ్డాక తెలిసింది, అలాంటి కిటుకుతోనే అది మైక్రోసాఫ్ట్ సంతకాన్ని ఫోర్జరీ చేసిందని. ఎండీ5 తమ్ముడు షా-1ను 2017 ఫిబ్రవరిలో గూగుల్, ఆమ్‌స్టర్‌డామ్ సీడబ్ల్యూఐ పరిశోధకులు పడగొట్టారు. ఒకే ముద్ర, రెండు వేర్వేరు పీడీఎఫ్‌లు.

గణితం ఓడిన కథలివి. గణితం జోలికే పోకుండా గెలిచిన దొంగ కథ ఇంకా గొప్పది. 2016 ఫిబ్రవరి 20న లైనక్స్ మింట్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ సైటులోకి ఒకడు చొరబడ్డాడు. డౌన్‌లోడ్ లింకు తన ఫైలు వైపు తిప్పాడు. మరి పేజీలో రాసి ఉన్న ముద్ర? దాన్నీ చెరిపి తన ఫైలు ముద్ర రాశాడు! ఒళ్లు దగ్గర పెట్టుకుని సరిచూసుకున్నవాడికి కూడా "సరిపోయింది" అనే వచ్చింది.

నేను చదువుకునే రోజుల్లో మా నారాయణగూడ రూములో ఒక రబ్బరు స్టాంపు ఉండేది. ఎవరో గెజిటెడ్ ఆఫీసరుది. ఆయన్ని మాలో ఎవరూ చూసిన పాపాన పోలేదు. పక్కనే ఆకుపచ్చ ఇంకు పెన్ను. అప్లికేషన్ల సీజన్‌లో ఊరంతటికీ మేమే ఆఫీసర్లం. ఫైలు ఉన్న పేజీలోనే ఉన్న హ్యాష్ అంటే ఇదే. నా జిరాక్సు, నా అటెస్టేషన్. దారిలో ఫైలు పాడైందా అన్నది తెలుస్తుంది తప్ప, ఎవరిదన్నది తెలియదు. ఒకే చేత్తో వచ్చిన రెండు సాక్ష్యాలు రెండు కావు, ఒకటే. ఈ నీతి అశోక్‌నగర్‌కు నేను చెప్పక్కర్లేదు. 2023 జూన్ 11న రాసిన తెలంగాణ గ్రూప్-1 ప్రిలిమ్స్ ఆ సెప్టెంబరులో హైకోర్టులో రద్దయింది. అభ్యర్థుల బయోమెట్రిక్ తీసుకోకపోవడమే అందులో ముఖ్యమైన అభ్యంతరం. హాల్‌టికెట్ తెచ్చేదీ మనిషే, అది నాదే అని చెప్పేదీ ఆ మనిషే అయితే ఎలా?

మీరు దించిన బుల్లి ఫైలు ఇక్కడే రంగంలోకి దిగుతుంది. ఆకుపచ్చ ఇంకును ఎవరూ దొంగిలించలేని విధంగా గణితంతో చేస్తే అదే డిజిటల్ సంతకం. పెన్నూ కాగితం తీసుకోండి, శేషాల లెక్క మీకు కొట్టిన పిండే. 33తో భాగించి శేషం పట్టుకోవడమే ఆట. టార్ వాళ్ల రహస్య సంఖ్య 7 అనుకుందాం, లోకానికి చెప్పిన సంఖ్య 3. ఫైలు ముద్ర 4. దాన్ని ఏడోఘాతానికి హెచ్చిస్తే 16,384. 33తో భాగిస్తే శేషం 16. అదే సంతకం. మీరు 16ను ఘనం చేయండి: 4,096. 33తో భాగిస్తే శేషం? 4! ముద్ర తిరిగొచ్చింది. దొంగ ఫైలు ముద్ర 5 అయితే ఈ సంతకం దానికి అతకదు, 7 తెలియకుండా కొత్త సంతకం పెట్టలేడు. 33 కాబట్టి 3, 11 అని విడగొట్టి రహస్యం మీరే పట్టేస్తారు. మన 33 స్థానంలో టార్ వాళ్లు వాడే సంఖ్యను తాళం అందాం; అది 4,096 బిట్లది, పన్నెండు వందలకు పైగా అంకెల సంఖ్య. విడగొట్టడం మొదలుపెట్టి నాకు ఉత్తరం రాయండి.

ఇంత చేశాక ఒక్క ప్రశ్న మిగిలింది: ఆ '3' టార్ వాళ్లదేనని ఎవరు చెప్పారు? బ్యాంకులకైతే ఈ పూచీ మన ఊళ్లోనే దొరుకుతుంది. రిజర్వ్ బ్యాంకు 1996లో స్థాపించిన ఐడీఆర్‌బీటీ, మాసబ్‌ట్యాంక్ దగ్గర కాజిల్ హిల్స్‌లో ఉంది. ఐటీ చట్టం కింద లైసెన్సు పొంది, ఫలానా తాళం ఫలానావారిదే అని ధ్రువపత్రాలిస్తుంది. టార్ సంతకానికి అలాంటి ఆఫీసు లేదు. ఆ తాళానికి 40 అక్షరాల వేలిముద్ర ఉంటుంది, దాన్ని మీరే పోల్చుకోవాలి. ఇక్కడా బోల్తాపడ్డవాళ్లున్నారు. 40 ఎవరు చదువుతారని చాలాకాలం చివరి ఎనిమిదే చూసేవారు. 2014లో ఇద్దరు పరిశోధకులు ఆ ఎనిమిదీ సరిపోయే దొంగతాళాన్ని నాలుగు సెకన్లలో తయారుచేసి చూపించారు. టార్ తాళం చివరి ఎనిమిదీ ముచ్చటగా అంకెలే: 93298290. ఫోన్ నంబరులా గుర్తుండిపోతుంది. అందుకే జాగ్రత్త!

సరే, చేయాల్సిందేమిటంటారా? టార్ ప్రాజెక్ట్ సైటు చిరునామా మీరే టైపు చేయండి, ఏ టెలిగ్రామ్ చానల్ లింకూ వద్దు. ఫోనుకైతే ప్లే స్టోర్. ఆండ్రాయిడ్ ప్రతి అప్‌డేట్‌కీ సంతకం చూస్తుంది, కాని మొదట వేసుకున్న యాప్ ఎవరిదైతే వాళ్లనే యజమాని అనుకుంటుంది. కాబట్టి మొదటిసారే ముఖ్యం. విండోస్‌లో ఫైలు మీద రైట్ క్లిక్ చేసి, ప్రాపర్టీస్‌లో 'డిజిటల్ సిగ్నేచర్స్' చూడండి. పూర్తి పరీక్ష కావాలంటే జీపీజీ అనే ప్రోగ్రామ్. దాని మీద నాకు పీకలదాకా కోపం. సంతకం సరిగ్గా ఉందని ఒక వరసలో చెప్పి, కిందనే ఈ తాళాన్ని ఎవరూ ధ్రువీకరించలేదని హెచ్చరిస్తుంది. పాసైన పిల్లాడి మార్కుల జాబితా మీద ఎర్ర ఇంకు చల్లినట్టు! ఆ హెచ్చరిక అడుగుతున్నదల్లా ఒక్కటే: వేలిముద్ర వేరే దారిలో సరిచూశావా అని.

వేరే దారి అంటే? మీ చేతిలో ఉన్నదే. ఈ పత్రిక మీ దగ్గరికి ఇంటర్నెట్‌లో రాలేదు, చిక్కడపల్లిలో ఏ పేపర్ల బంకు మీదుగానో వచ్చింది. టార్ సైటులో చొరబడ్డవాడు ఈ కాగితాన్ని చెరపలేడు. అందుకని ఆ 40 అక్షరాలూ ఇక్కడ అచ్చువేయిస్తున్నాను:

ఈఎఫ్6ఈ 286డీ డీఏ85 ఈఏ2ఏ 4బీఏ7 డీఈ68 4ఈ2సీ 6ఈ87 9329 8290

అక్షరం అక్షరం పోల్చండి. తేడా కనపడితే మాత్రం వెంటనే కంగారుపడకండి, మా కంపోజిటర్‌ను కూడా కాస్త అనుమానించండి. లైబ్రరీలో మీ పక్క కుర్చీ అతను వేరే నెట్‌వర్క్‌లో తెచ్చుకున్నదాంతో ఇంకోసారి చూడండి. మూడు దారులూ ఒకే మాట చెబితే, అప్పుడు ఇన్‌స్టాల్ నొక్కండి.