వినోదవనం మీద కంటికి కనబడని కంచె

అమెరికాలో ఫ్లోరిడాలోని వాల్ట్ డిస్నీ వరల్డ్ మీద, కాలిఫోర్నియాలోని డిస్నీల్యాండ్ మీద 2003 నుంచి రెండు అదృశ్య స్తంభాలు నిలిచి ఉన్నాయి. ఒక్కొక్క దాని వ్యాసార్ధం 3 నాటికల్ మైళ్లు. ఓడలవారి నుంచి విమానాలవారికి సంక్రమించిన ఈ నాటికల్ మైలు 1,852 మీటర్లకు సమానం కనుక ఆ దూరం దాదాపు 5.6 కిలోమీటర్లవుతుంది. ఎత్తు నేల నుంచి 3,000 అడుగులు, అంటే సుమారు 914 మీటర్లు. గగనతల రద్దీని నడిపించే నియంత్రణ కేంద్రం అనుమతి పొందినవి, పోలీసు, సైనిక, అంబులెన్సు విమానాలు తప్ప మరేవీ ఈ హద్దులోకి రాకూడదు. పైలట్లకు ఇటువంటి సంగతులు తెలియజేసే అధికారిక ప్రకటనను నోటామ్ అంటారు. ఆ ప్రకటనల భాషలో దీని పేరు 'తాత్కాలిక' విమాన నిషేధం. రెండు దశాబ్దాలు దాటినా ఆ విశేషణం అలాగే ఉంది.

2001 సెప్టెంబరు 11 దాడుల తరువాత జనం గుమిగూడే చోట్లన్నీ లక్ష్యాలుగా కనిపించసాగిన రోజుల్లో, అమెరికా కాంగ్రెస్ 2003 ఫిబ్రవరిలో ఆమోదించిన భారీ వ్యయ కేటాయింపుల చట్టంలో ఒక చిన్న నిబంధన ఈ ఆంక్షకు చట్టబలం చేకూర్చింది. 30,000 మందికి పైగా పట్టే స్టేడియాలకూ ఇదే కొలత వర్తిస్తుంది గాని, అక్కడ పెద్ద పోటీకి గంట ముందు మొదలై, ముగిసిన గంటకు తొలగిపోతుంది. డిస్నీ స్తంభాలకు మాత్రం రాత్రీ పగలూ తేడా లేదు, పార్కు తలుపులు మూసి ఉన్నా అవి నిలిచే ఉంటాయి.

ఆకాశం ఎవరిదన్న ప్రశ్న అమెరికా న్యాయశాస్త్రానికి కొత్త కాదు. సైనిక విమానాలు ఇంటికప్పును రాసుకుంటున్నట్టు ఎగరడంతో బెదిరిన కోళ్లు గోడలకు కొట్టుకుని చచ్చిపోయాయని నార్త్ కరోలినాలో ఒక కోళ్ల రైతు వేసిన దావాలో, నేల యజమానికి ఆకాశమంతా చెందుతుందన్న పాత సూత్రం ఈ కాలానికి చెల్లదనీ, అయితే భూమిని అనుభవించనీయనంత తక్కువ ఎత్తులో ఎగిరితే మాత్రం నష్టపరిహారం చెల్లించాలనీ సుప్రీంకోర్టు 1946లో తేల్చింది. విమానాలు తిరగదగిన గగనతలంలో ప్రయాణించే హక్కు పౌరులందరిదీ అని చట్టం కూడా చెబుతోంది. కాబట్టి వినోదవనం మీది 914 మీటర్ల గాలి డిస్నీ సంస్థ ఆస్తి కాదు. అది రహదారి వంటిది, దాన్ని మూయాలంటే ప్రభుత్వం తగిన కారణం చూపాలని పైలట్లు అడగడంలో అన్యాయమేమీ లేదు.

ఆ కారణాన్ని కొలతలతో తూచి చూడవచ్చు. నాలుగు సీట్ల సెస్నా 172 గంటకు 110 నాటికల్ మైళ్ల వేగంతో వస్తే, స్తంభం అంచు నుంచి కేంద్రానికి చేరడానికి 100 సెకన్లు కూడా పట్టదు. కూతవేటు దూరంలో యుద్ధవిమానం సిద్ధంగా ఉన్నా ఆ వ్యవధిలో అది పైకి లేచి అడ్డుకోవడం దాదాపు అసాధ్యం. విచిత్రమేమిటంటే, 3,000 అడుగులు దాటిన విమానం పార్కు నడినెత్తిన చట్టబద్ధంగానే తిరగవచ్చు. అక్కడి నుంచి నిట్టనిలువుగా దూకితే నేలను చేరడానికి పావు నిమిషం చాలు. అంటే ఈ కంచె పక్కనుంచి వచ్చేవాడికి ఇచ్చే వ్యవధిలో ఆరో వంతు కూడా పైనుంచి వచ్చేవాడికి విధించడం లేదు.

ఇక ప్రమాద తీవ్రత. చలనశక్తి బరువుకు అనులోమంగానూ, వేగం వర్గానికి అనులోమంగానూ పెరుగుతుంది. అంటే వేగం రెట్టింపైతే శక్తి నాలుగింతలవుతుంది. సుమారు 1,150 కిలోల సెస్నాను, గంటకు 400 నాటికల్ మైళ్ల వేగంతో దూసుకుపోయే 150 టన్నుల ప్రయాణికుల విమానంతో పోల్చి లెక్క కడితే, రెండో దాని శక్తి 1,700 రెట్లు ఎక్కువ. 2002 జనవరిలో ఫ్లోరిడాలోని టాంపా నగరంలో ఒక బాలుడు ఇటువంటి చిన్న విమానంతోనే బహుళ అంతస్తుల భవనాన్ని ఢీకొన్నప్పుడు అతడు తప్ప ఎవరూ మరణించలేదు. అయితే భవనం వేరు, ఆరుబయట వరుసలో నిలబడిన జనం వేరు అన్న సంగతిని ఈ లెక్క చూపదు, ఆంక్షను సమర్థించేవారికి అదే బలమైన ఆధారం. రాడార్ తెరపై గీత దాటిన చుక్క వెంటనే ప్రత్యేకంగా కనబడుతుందనీ, గీతే లేకపోతే దారి తప్పినవాడికీ దురుద్దేశంతో వచ్చేవాడికీ తేడా తెలియదనీ వారంటారు. ఈ మాటలో సత్యం ఉంది, కాని అది కంచె బలం కాదు, గంట మోగించే దారం బలం మాత్రమే.

అసలు దెబ్బ తగిలింది బ్యానర్లు లాగే చిన్న విమానాలవారికి. డబ్బు తీసుకుని ఎవరి నినాదాన్నైనా జనం తలల మీదుగా తీసుకెళ్లే వీరి వ్యాపారం ఈ రెండు పార్కుల వద్ద ఆగిపోయింది. డిస్నీల్యాండ్‌కు దగ్గర్లోనే ఉన్న నాట్స్ బెర్రీ ఫామ్‌కు గాని, ఓర్లాండోలోని యూనివర్సల్ పార్కుకు గాని ఇటువంటి శాశ్వత రక్షణ లేకపోవడంతో, ఇది భద్రత కోసమా, పోటీ ప్రకటనలనూ నిరసన నినాదాలనూ తప్పించుకోవడానికా అన్న అనుమానం పైలట్లలో బలపడింది. ప్రమాద అంచనా వేసే సంస్థ నిపుణులు కాక శాసనకర్తలే నేరుగా వృత్తం గీయడం వల్లనే ఆ అనుమానానికి చోటు దొరికింది. తిరుమల కొండ మీదుగా విమానాలు తిరగకూడదన్న కోరికను ఎరిగిన తెలుగు పాఠకులకు, గగనతలాన్ని మూయడానికి ఏ కారణం చాలునన్న ఈ చర్చ పరాయిదిగా తోచదు.

డ్రోన్లు వచ్చాక చిక్కు మరింత పెరిగింది. కీలక కట్టడాల మీద డ్రోన్లను ఆపాలని యజమానులు దరఖాస్తు చేసుకునే పద్ధతి రూపొందించాలని 2016 నాటి చట్టం విమానయాన శాఖను ఆదేశించింది. ఆ జాబితాలో చమురుశుద్ధి కర్మాగారాలతో పాటు వినోదవనాలూ ఉన్నాయి. అదే ఏడాది నవంబరులో డిస్నీ వరల్డ్ ప్రాంగణంలోనే, నిషేధిత గగనతలంలో ప్రత్యేక అనుమతితో, 300 డ్రోన్లు క్రిస్మస్ దీపాల ప్రదర్శన ఇచ్చాయి.