చిక్కుకొనుట, ఇరికించుట: ఆంగ్ల క్రియల అనువాదంలో కర్తృత్వ సమస్య

ఒక వ్యక్తి తగవులోనో కష్టంలోనో పడ్డాడని చెప్పడానికి ఆంగ్లంలో ఇన్వాల్వ్, ఇంప్లికేట్, ఎంబ్రాయిల్, ఎన్‌మెష్ వంటి క్రియలు అనేకం. వీటన్నింటినీ తెలుగులో 'చిక్కుకొను', 'ఇరుక్కొను' అని సరిపెట్టడం అనువాదకులకు అలవాటు. అయితే అతడు తానుగా దిగాడా, మరొకరు దింపారా అనే ప్రశ్నను ఆంగ్ల కర్మణి వాక్యం తేలికగా దాటవేస్తుంది. తెలుగు క్రియ అంత తేలికగా దాటవేయలేదు. ఈ వ్యాసం ఆ ఇబ్బందిని పరిశీలిస్తుంది.

పై క్రియల మూలాలు భౌతికమైనవే. ఇన్వాల్వ్‌కు మూలమైన లాటిన్ ధాతువుకు 'చుట్టు' అని, ఇంప్లికేట్‌కు మూలమైనదానికి 'మడత' అని అర్థం. ఎంబ్రాయిల్ ఫ్రెంచి నుంచి వచ్చింది. అక్కడ దాని భావం కలగాపులగం చేయడం. ఎన్‌మెష్‌లో ఉన్నది వలకన్ను. తెలుగువారికి ఈ ఊహలు కొత్త కావు. 'కేసు మెడకు చుట్టుకొంది' అన్న వాడుక లాటిన్ ఊహకు దాదాపు సమానం. వసిష్ఠ, వైనతేయ పాయల నడుమనున్న తాటిపాక ప్రాంతంలో వల, రొంపి, సుడి, చిక్కుపడిన కొబ్బరిపీచు అలంకారాలు కాకముందే నిత్యానుభవాలు. 'చిక్కు' అనే క్రియ మరీ విచిత్రమైనది. చేప చిక్కిందంటే జాలరికి లాభం, చేపకు ఆపద. ఒకే మాట ఎవరి పక్షాన నిలబడి చూస్తే వారి అర్థమిస్తుంది.

అసలు చిక్కు ప్రత్యయాల దగ్గర ఉంది. 2014 జూన్ 27 తెల్లవారుజామున తాటిపాకకు సమీపంలోని నగరం గ్రామంలో గెయిల్ గ్యాస్ పైపులైను ప్రమాదం జరిగి ఇరవై మందికి పైగా మరణించారు. అటువంటి సందర్భంలో 'మంటల్లో చిక్కుకొన్నారు' అంటాం. అక్కడి '-కొను'లో బాధితుల ఇచ్ఛ లేశమైనా లేదు. ఫలితం వారిపై పడిందనే సూచన మాత్రమే ఉంది. అదే క్రియను 'కుంభకోణంలో చిక్కుకొన్నాడు' అని వాడగానే, స్వయంకృతమేమో అన్న అనుమానం వాక్యంలోకి జొరబడుతుంది. పోనీ 'ఇరికించారు' అందామంటే '-ఇంచు' ప్రత్యయం మరొక కర్తను తెచ్చి, ఇతడు నిర్దోషి అని ముందే తీర్పు చెప్పినంత పని చేస్తుంది. 'లాగబడ్డాడు' వ్యాకరణానికి నిలిచినా చెవికి నిలవదు.

పత్రికలు దీనికి కనుగొన్న మార్గం 'ప్రమేయం'. న్యాయశాస్త్రంలో ప్రమాణం చేత తెలియదగిన విషయమే ప్రమేయం. షోడశ పదార్థాలలో అది రెండవది. 'ఈ నేరంలో అతడి ప్రమేయం ఉందని ఆరోపణ' అనే వాక్యంలో ఆ శాస్త్రార్థం పూర్తిగా మరుగున పడింది. అయినా ఈ నామపదం క్రియను తప్పించి, అందువల్ల కర్తను నిర్ణయించవలసిన అవసరాన్నీ తప్పించింది. దీనిని భాషాపతనంగా చూడనక్కరలేదని నా అభిప్రాయం. 'పాల్గొను' అనే అనువాదం మాత్రం క్షమించరానిది. 'ప్రమాదంలో రెండు లారీలు పాల్గొన్నాయి' అని రాసిన విద్యార్థికి ఇన్వాల్వ్ తెలుసు, తెలుగు తెలియదు. అక్కడ 'రెండు లారీలు ఢీకొన్నాయి' అంటే చాలు.

న్యాయస్థానంలో ఈ భేదానికి బరువు ఎక్కువ. 1908 నాటి సివిల్ ప్రొసీజర్ కోడ్, ఒకటవ ఆర్డరు, పదవ రూలు ప్రకారం వివాద పరిష్కారానికి అవసరమైన వ్యక్తిని కోర్టు దావాలో కక్షిదారుగా చేర్చవచ్చు. ప్లీడర్లు దీనిని 'ఇంప్లీడ్ చేయడం' అంటారు. ఇందులో నిందలేదు. ఒక కొబ్బరితోట పంపకాల దావా ఊహించండి. అన్నదమ్ముల తగవులో మేనత్తను ప్రతివాదిగా చేర్చారు. 'ప్రతివాదిగా చేర్చారు' అని కాగితం చెబుతుంది. ఆమె మాత్రం ఇంటికి వచ్చి 'నన్నూ కోర్టుకీడ్చారు' అంటుంది. మొదటిది చట్టం దృష్టిలో సరైన అనువాదం. రెండవదానిలో ఈడ్చినవారున్నారు, ఈడ్వబడిన మనిషీ ఉంది. ఆమె వాఙ్మూలాన్ని ఆంగ్లంలోకి మార్చే అనువాదకుడు 'ఇంప్లీడ్' అని రాస్తే ఆ ఇద్దరూ మాయమవుతారు.