పాత కంపెనీకి ఫోన్ వెళ్తే...

కంగ్టి నుంచి పటాన్‌చెరు వెళ్లి ఫ్యాక్టరీలో చేరిన యువకుడు ఒకడున్నాడనుకుందాం. మూడేళ్లు చేశాడు. ఓవర్‌టైమ్ లెక్క దగ్గర సూపర్‌వైజర్‌తో మాటా మాటా పెరిగి మానేశాడు. ఇప్పుడు జహీరాబాద్‌లో ఇంటర్వ్యూ బాగానే అయింది. ఫారం నింపుతుంటే ఒక గడి దగ్గర పెన్ను ఆగిపోయింది: 'గతంలో పనిచేసిన చోటు, ఫోన్ నంబరు'.

పాత కంపెనీకి ఫోన్ చేస్తే వాళ్లేమంటారోనన్న భయం అది. ఆ భయం ఉత్తది కాదు. కొత్త కంపెనీ వాళ్లు ఫోన్ చేసి సాధారణంగా నాలుగే అడుగుతారు. ఎప్పుడు చేరాడు, ఎప్పుడు మానేశాడు, ఏం పని చేశాడు, మళ్లీ వస్తే తీసుకుంటారా? మొదటి మూడింటికీ కాగితాలుంటాయి. నాలుగోది మాత్రం అభిప్రాయం. అవతలి మనిషి "ఏమో" అని నసిగినా చాలు, ఉద్యోగం చేజారవచ్చు. కాబట్టి మొదటి మూడూ పాత సారు నోటితో పని లేకుండా రుజువయ్యేలా చూసుకోవాలి.

అన్నిటికన్నా గట్టి కాగితం పీఎఫ్ పాస్‌బుక్. 20 మంది, అంతకు మించి పనిచేసే చోట పీఎఫ్ ఉండాలి. పీఎఫ్ సభ్యులకిచ్చే యూఏఎన్ నంబరుతో లాగిన్ అయితే కంపెనీ పేరు, నెలనెలా జమ అయిన సొమ్ము వరుసగా కనిపిస్తాయి. మానేసిన తేదీని కంపెనీ ఎక్కించకపోతే, చివరి జమ తర్వాత రెండు నెలలు ఆగి, ఆధార్ ఓటీపీతో మనమే ఎక్కించుకోవచ్చు. తేదీ మాత్రం ఒకటికి రెండుసార్లు చూసుకోండి. ఇంకో మాట: గొడవైన ఉద్యోగాన్ని బయోడేటాలో దాచొద్దు. మనల్ని కాపాడే ఆ పాస్‌బుక్కే దాచిందాన్ని బయటపెడుతుంది. గొడవ కన్నా ఆ అబద్ధమే ఎక్కువ చెరుపు చేస్తుంది.

తర్వాత సర్వీస్ సర్టిఫికెట్. పొగడ్తలు అడగకండి. చేరిన తేదీ, మానేసిన తేదీ, హోదా, ఈ మూడే రాసివ్వమని హెచ్‌ఆర్‌కు ఈమెయిల్ పెట్టండి, లేదా రిజిస్టర్డ్ పోస్టులో పంపండి. ఇవ్వకపోయినా, అడిగినట్టు రుజువుంటుంది. అపాయింట్‌మెంట్ లెటరు, జీతం చీటీలు, జీతం పడిన బ్యాంకు స్టేట్‌మెంటు కూడా జత చేయండి. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన కార్మిక కోడ్‌ల ప్రకారం నియామక పత్రం ఇవ్వడం తప్పనిసరి. రాజీనామా చేసినవారికి రావలసిన వేతనం రెండు పనిదినాల్లో చెల్లించాలి.

గల్ఫ్ వెళ్లొచ్చిన వారికీ ఒక హక్కుంది. సౌదీ కార్మిక చట్టం 64వ అధికరణ ప్రకారం, పని ముగిశాక అడిగితే యజమాని సర్వీసు పత్రం ఉచితంగా ఇవ్వాలి. అందులో మన పేరు చెడగొట్టే మాట రాస్తే కారణమూ చూపాలి.

మరి చెడుగా చెబితే కేసు వేయొచ్చా? భారతీయ న్యాయ సంహిత 356వ సెక్షన్ పరువునష్టాన్ని నేరమంటుంది. కానీ తనకో ఇతరులకో నష్టం రాకుండా సదుద్దేశంతో చెప్పిన మాటకు మినహాయింపుంది. చట్టంలోనే ఒక ఉదాహరణ ఇచ్చారు: ఫలానా వాడి నిజాయితీ మీద నాకు నమ్మకం లేదు, రొక్కం ఇస్తేనే సరుకివ్వు అని కొట్టు యజమాని తన మనిషికి సదుద్దేశంతో చెబితే అది నేరం కాదు. తెలిసి తెలిసి అబద్ధమాడితే ఆ రక్షణ దొరకదు. అయినా ఫోన్‌లో అన్న మాటను రుజువు చేయడం కష్టం. ఉద్యోగం వెతుక్కునే మనిషి కోర్టు మెట్లెక్కడం చివరి దారిగానే ఉండాలని నా అభిప్రాయం.

అంతకన్నా మేలైన దారి, ఫోన్ వెళ్లకముందే మనం చెప్పడం. "సార్, అక్కడ ఓవర్‌టైమ్ లెక్క దగ్గర సూపర్‌వైజర్‌కూ నాకూ పడలేదు. నా హాజరు మీద, పని మీద కంప్లయింటు లేదు. కావాలంటే షిఫ్ట్ ఇన్‌చార్జి గారిని అడగండి." రెండు మూడు ముక్కల్లో చెప్పి ఆపేయాలి. పాత సారును తిడితే, రేపు మమ్మల్నీ ఇలాగే అంటాడని వినేవాళ్లు అనుకుంటారు.

ఇక ఫారంలో ఆ గడి. సూపర్‌వైజర్ నంబరు కాకుండా హెచ్‌ఆర్ ఆఫీసు నంబరు రాయండి. పక్కన, మీ పని కళ్లారా చూసిన ఇన్‌చార్జి పేరు రాయండి. రాసే ముందు ఆయనకు ఫోన్ చేసి, "అన్నా, మీ పేరు ఇస్తున్న, జహీరాబాద్ నుంచి ఫోన్ వస్తది" అని ఒక మాట చెప్పండి.